బైపాస్ ఫ్యాట్ బస్తా కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

కోపంలో రాస్తున్నాను, ఎక్కడైనా అక్షరం తప్పితే సర్దుకోండి.

అమ్మినాయన మీ అందరికీ తెలిసిన మనిషే. రోజూ తెల్లారకముందే అంచుదాకా నిండిన పాల క్యాన్ ఫొటోతో పలకరిస్తాడు చూడండి, ఆయనే. పేరు రాయను. రాస్తే ఈ పోస్టు సాయంత్రం దాకా ఉండదు.

సంగతి క్లుప్తంగా చెబుతాను. మా ఎర్రావు మూడో ఈత ఈని 20 రోజులైంది. పాలు బాగా దించుతోంది కానీ ఒళ్లు కరిగిపోతోంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఇదేం వింత కాదు. ఈనిన ఆవు పాలు 4 నుంచి 8 వారాల్లో గరిష్ఠానికి వెళ్తాయి, మేత మాత్రం 10, 12 వారాలైతే గానీ పూర్తిగా అందుకోదు. ఆ మధ్యకాలమంతా ఒంట్లో కొవ్వు కరిగి పాలలోకి పోతుంది. ఆ లోటు పూడ్చడానికే బైపాస్ ఫ్యాట్, అంటే పెద్దపొట్టను కదపకుండా దాటిపోయి పేగులో అరిగే కొవ్వు పొడి, పెడతారు. పిండిపదార్థం కంటే కొవ్వులో రెండింతలకు పైగా శక్తి ఉంటుంది. ఇంతవరకు నాకు ముందే తెలుసు. ఏమీ తెలియక మోసపోయి ఉంటే ఇంత మండేది కాదు.

బస్తా మీద 'కొవ్వు 84 శాతం, కాల్షియం 9 శాతం' అని అచ్చేసి ఉంది. అసలైన కాల్షియం సబ్బు రకానికి (కొవ్వును కాల్షియంతో కట్టి చేసేది) ఇంచుమించు ఉండే అంకెలే అవి. పైగా ల్యాబ్ రిపోర్టు కూడా ఫోన్‌కి పంపాడు. ఆ రిపోర్టులో ఉన్న బ్యాచ్ నంబరూ బస్తా మీదున్న నంబరూ ఒకటేనా అని చూశాను. నిన్న రాత్రి చూశాను. ఒకటి కాదు. రిపోర్టు తేదీ అయితే బస్తా తయారీ తేదీ కంటే ముందుంది. పుట్టని బిడ్డకు జాతకం రాయించి పంపాడు, నేను దాన్ని చదవకుండానే 'సరే అండి' అని పెట్టాను. శభాష్ నాకు.

సంచి విప్పినప్పుడే తెలియాలి. పొడి చేతికి జిడ్డుగా అంటుకుంది. కింద పరిచిన కాగితం మీద గంటలో పెద్ద నూనె మరక. 'అబ్బ, ఎంత కొవ్వుందో' అని మురిసిపోయాను. అసలు రకం పొడిపొడిగా, కాస్త సబ్బు వాసనతో ఉంటుందని, చాలా ఆవులు మొదట్లో ముఖం తిప్పుకుంటాయి కాబట్టి మెల్లగా అలవాటు చేయాలని నేనే ఒకప్పుడు ఇంకొకరికి చెప్పాను. మా ఎర్రావు మొదటి పూటే గమేళా నాకేసింది. అప్పుడూ అనుమానం రాలేదు.

మామూలుగా రోజుకు 100 నుంచి 200 గ్రాములు పెడతారు. ఆయన 'అన్నా, 500 పెట్టు, వారంలో నువ్వే ఫోన్ చేస్తావ్' అన్నాడు. పెట్టాను. (ఫోన్ చేశాను కూడా. ఆ ముచ్చట కిందుంది.) అప్పటికే నూనె తీయని తవుడు పెడుతున్నాను, అందులోనే బోలెడు నూనె ఉంటుంది. ఆశకొద్దీ దాణా కూడా పెంచి ఎండుగడ్డి తగ్గించాను. మొత్తం మేతలో, తేమ తీసేసి లెక్కేస్తే, కొవ్వు 6, 7 శాతం దాటకూడదు. ఆ లెక్క కాగితం మీద ఒక్కసారి వేసుకోలేదు. ఈ తప్పు నాదే, ఆయన మీద తోయను.

నాలుగో రోజు పాలు లీటరు పెరిగాయి. సంతోషం ఆపుకోలేక ఆయనకు మెసేజ్ పెట్టాను. ఆ మెసేజ్ గుర్తుపెట్టుకోండి.

తొమ్మిదో రోజు పాల కేంద్రంలో ఫ్యాట్ 2.8 చూపించింది. ముందు వారం 3.9. అక్కడి కుర్రాడు తల ఎత్తకుండానే 'నీళ్లు పడ్డాయా?' అన్నాడు. వెనక ఆరుగురు క్యాన్లతో నిలబడి ఉన్నారు. ఇన్నేళ్లలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఎస్.ఎన్.ఎఫ్. (పాలలో కొవ్వు కాకుండా మిగిలే ఘనపదార్థం) 8.5 దగ్గరే ఉందయ్యా, నీళ్లు కలిస్తే రెండూ పడాలి కదా అంటే వినేవాడేడీ? మిషన్ తప్పేమోనని యాసిడ్, ఎమైల్ ఆల్కహాల్ పోసి గిర్రున తిప్పే గెర్బర్ పద్ధతిలో మళ్లీ చూడమన్నాను. 2.9. పాలలో వెన్న పెరగాలని కొన్న బస్తా ఉన్న వెన్నను కూడా మింగేసింది.

ఆవు మేత వదిలేయడం మొదలుపెట్టింది. నెమరు తగ్గింది. పేడ పలచబడి అందులో గడ్డి పోచలు పోచలుగానే కనబడుతున్నాయి. డాక్టర్ గారు పేడను బూటుతో కదిపి చూసి, 'నూనె ఏమైనా తాగిస్తున్నావా?' అన్నారు. లేదండీ, బైపాస్ ఫ్యాట్ అన్నాను. చేతిలో పొడి నలిపి చూసి నా మొహం కేసి చూశారు. అంతే, ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత డాక్టర్ గారు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. పెద్దపొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులకు పచ్చి నూనె పడదు. నూనె గడ్డికి పూతలా పట్టేస్తుంది, అవి దాన్ని ముట్టుకోలేవు, కొన్ని చచ్చిపోతాయి. పీచు పులిస్తే వచ్చే ఎసిటేట్ లాంటి వాటితోనే పొదుగు పాల కొవ్వులో దాదాపు సగం సొంతంగా తయారు చేసుకుంటుంది. ఆ ముడిసరుకు తగ్గింది. అది చాలదన్నట్టు, మిగిలిన సూక్ష్మజీవులు నూనెను మార్చే క్రమంలో దారి తప్పి ట్రాన్స్-10, సిస్-12 సి.ఎల్.ఎ. అనే కొవ్వు ఆమ్లం పుడుతుంది. అది పొదుగులో కొవ్వు తయారీనే అణిచేస్తుంది. రోజుకు కొద్ది గ్రాములు చాలట.

అసలైన కాల్షియం సబ్బు రకం బైపాస్ ఫ్యాట్‌లో కొవ్వు ఆమ్లాన్ని కాల్షియంతో కట్టేసి ఉంచుతారు. పెద్దపొట్టలో పులుపు తక్కువ కాబట్టి ఆ కట్టు ఊడదు. నాలుగో పొట్టలో గట్టి ఆమ్లం తగిలాకే విడిపోతుంది, చిన్నపేగులో ఒంటికి పడుతుంది. ఆ కట్టుకే కదా మనం డబ్బులిచ్చేది! నాకు అమ్మిందాంట్లో కట్టూ లేదు, గిట్టూ లేదు.

ఇది నా ఊహ కాదు. ల్యాబ్‌కి పంపాను. కాల్షియం సబ్బు కొవ్వు మామూలు ఈథర్‌లో సరిగా దిగదు, ముందు ఆమ్లంతో ఆ కట్టు విడగొట్టి తర్వాత కొలవాలి. అందుకని రెండు రకాలుగా చూడమన్నాను. ఆమ్లం వేయకుండా 39 శాతం, వేసి చూస్తే 40. అంటే ఉన్నదంతా విడి నూనె. మిగిలింది చాలావరకు బూడిద, అంటే కాల్చినా పోని ఖనిజం. సున్నపురాయి పొడికి నూనె పట్టించి బస్తా కుట్టేశాడు మహానుభావుడు.

రిపోర్టు చేతిలో పెట్టుకుని ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. కొనేముందు మాటకు ముందు 'అన్నా', మాటకు వెనక 'అన్నా'. ఇప్పుడు 'ఏంటయ్యా?' నేను అరవలేదు. ఫ్యాట్ పడిపోయిందని, ఆవు మేత మానేసిందని, ల్యాబ్‌లో విడి నూనె అని తేలిందని వరసగా చెప్పాను. అంతా విన్నాడు. విని నవ్వాడు. పక్కన ఇంకెవరో ఉన్నారు, వాళ్లకు వినబడేలా నవ్వాడు.

'కొవ్వు కొవ్వే కదయ్యా. కట్టి ఉందో విడిగా ఉందో ఆవుకేం తెలుస్తుంది?'

ఆవుకే తెలిసిందండీ. మొదట తెలిసింది దానికే. తెలియంది నాకు.

డబ్బు సంగతి ఎత్తితే, 'నీ ఆవుకు అరగకపోతే నేనేం చేసేది, 500 పెట్టమని ఎవరు చెప్పారు?' అన్నాడు. ఎవరు చెప్పారా! ఆ వాయిస్ మెసేజ్ కోసం వెతికితే ఆయన వైపు నుంచి డిలీట్ అయిపోయి ఉంది. అందరికీ రాస్తానన్నాను. 'రాసుకో, నీ సర్టిఫికెట్ నా దగ్గరుంది' అని పెట్టేశాడు. రెండు నిమిషాల్లో బ్లాక్. డబ్బు పోయినందుకు ఒక రాత్రి నిద్ర పట్టలేదు. ఆ నవ్వు మాత్రం పాలు పితికేటప్పుడు కూడా చెవిలో మోగుతోంది.

బస్తా ఆపేసి, ఎండుగడ్డి మళ్లీ పెంచి, దాణా తగ్గించాం. నెమరు వేస్తోంది. ఫ్యాట్ మామూలుకు రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చన్నారు డాక్టర్ గారు. ఈ పొద్దున 3.1.

కొనేవాళ్లు కనీసం ఇవి చూడండి. కాగితంలో గుప్పెడు పొడి చుట్టి ఉంచండి, నూనె మరక తేలితే వద్దు. కొంచెం పొడి మీద వెనిగర్ పోయండి, బుసబుసమని పొంగితే అందులో సున్నపురాయి ఉన్నట్టే. గ్లాసు నీళ్లలో వేస్తే తెల్లటి పొడి బరువుగా అడుగుకు దిగిపోయినా అనుమానించండి. బ్యాచ్ నంబరు కలవని రిపోర్టు చిత్తుకాగితం. ఎవరు చెప్పినా 500 పెట్టకండి.

ఆ సర్టిఫికెట్ ఏమిటో మధ్యాహ్నం తెలిసింది. ఆయన కొత్త ప్రకటనలో, పేరు చెరిపేసి, పచ్చరంగు గీత గీసి పెట్టిన స్క్రీన్‌షాట్ ఉంది చూడండి, 'సూపర్ అండి, నాలుగు రోజుల్లోనే లీటరు పెరిగింది' అని. అది నాదే. నాలుగో రోజు పెట్టింది. అది చూసి ఎవరైనా ఇప్పటికే బస్తా తెప్పించుకుని ఉంటే ఈ పూట దాణాలో కలపకండి, నన్ను ఎంత తిట్టాలనిపిస్తే అంత కింద తిట్టండి.