లూజు టర్పెంటాయిల్ కొనేవాళ్ళు జాగ్రత్త: డబ్బా మీద పేరొకటి, లోపల సరుకొకటి

విజయవాడ ఆటోనగర్‌లో గానీ గుంటూరులో గానీ లారీ బాడీలకు, గేట్లకు, గ్రిల్స్‌కు రంగులు వేసేవాళ్ళు, ఇంటి తలుపులకు ఎనామిల్ వేయించుకుందామని ఓ ఐదు లీటర్ల టర్పెంటాయిల్ తెచ్చుకునేవాళ్ళు ఇది దయచేసి చివరిదాకా చదవండి. పోయిన డిసెంబర్‌లో మా షెడ్డులో ఒక కుర్రాడి కాళ్ళు కాలాయి. టర్పెంటాయిల్ అని మాకు అమ్మినదాంట్లో అసలు టర్పెంటాయిల్ ఎంతుందో ఆ అమ్మినవాడికే తెలియాలి.

మేము ఎప్పుడూ కంపెనీ సీలు డబ్బానే వాడతాం. ఆ వారం మా డీలర్ దగ్గర స్టాకు లేదు. ఎల్లుండికల్లా లారీ డెలివరీ ఇవ్వాలి, ఓనరు గంటకోసారి ఫోను. ఆ టెన్షన్‌లో దగ్గర్లో ఉన్న వేరే షాపుకి వెళ్ళి లూజు సరుకు ఇరవై లీటర్లు తెచ్చాను. లీటరుకు పాతిక రూపాయలు తక్కువకే ఇచ్చాడు. తెల్ల ప్లాస్టిక్ డబ్బా. పాత లేబుల్ సగం చింపేసి ఉంది, దాని మీద మార్కర్‌తో 'టీఓ' అని, అంటే టర్పెంటాయిల్ అని రాసుంది. సీలు లేదు, బ్యాచ్ నంబరు లేదు. మూత కింద పాలిథిన్ కవరు ముక్క పెట్టి గట్టిగా బిగించారు. ఆ కవరు ముక్కను నేను చూశాను. చూసి కూడా డబ్బా బండి మీద పెట్టుకుని వచ్చేశాను. కొనేముందు వాసన చూశాను గానీ, కొంచెం పెట్రోలు వాసన ఎక్కువగా ఉందనిపించినా కొత్త సరుకేమోలే అనుకున్నాను.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. చలిగానే ఉంది, కుర్రాళ్ళు స్వెట్టర్లు కూడా తీయలేదు. మా దగ్గర రెండేళ్ళుగా పనిచేస్తున్న కుర్రాడు పీట వేసుకుని కూర్చుని, తొట్టిలో రెండు మూడు లీటర్లు పోసి బ్రష్షులు, స్ప్రే గన్ను కడుగుతున్నాడు. పక్క షెడ్డులో ఒకాయన గ్రైండరుతో ఇనుప చానల్ కోస్తున్నాడు. ఆయనకీ మా తొట్టికీ మధ్య పద్దెనిమిది అడుగులైనా ఉంటుంది. అడ్డంగా మోకాలెత్తు గోడ ఉంది, మధ్యలో గేటు తెరిచి ఉంది. ఆ నిప్పురవ్వలు మా తొట్టి దాకా రాలేదు. నేను అటే చూస్తున్నాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

తొట్టి దగ్గర మొదలవలేదు మంట. గేటు దగ్గర మొదలైంది. నేల మీద నీలంగా, ఎవరో చీర కొంగు ఈడ్చుకుంటూ వచ్చినట్టు, గేటు దగ్గర్నుంచి తొట్టి దాకా జరుక్కుంటూ వచ్చింది. కళ్ళు మూసి తెరిచేలోపు తొట్టి భగ్గుమంది. కుర్రాడు వెనక్కి పడ్డాడు, కానీ అప్పటికే ప్యాంటు అంటుకుంది.

మా బావమరిది కంగారులో బకెట్టు నీళ్ళు తొట్టి మీద కొట్టాడు. ఆ పని ఎవరూ చేయకండి. ఈ నూనెలన్నీ నీటికంటే తేలిక. నీళ్ళు కిందికి పోయాయి, మంట పైన తేలుతూ నీళ్ళతో పాటు లారీ చక్రాల కిందికి పాకింది. మంటలార్పే సిలిండరు తీద్దామంటే ముల్లు ఎర్ర గీత మీద ఉంది, గ్యాసు ఎప్పుడో పోయింది. పక్కవాళ్ళు గోడ కోసం తెప్పించుకున్న ఇసుక కుప్ప లేకపోతే ఆ రోజు లారీ కూడా పోయేది. నలుగురూ తట్టలతో ఇసుక పోసి ఆర్పారు. అంతా కలిపి మూడు నాలుగు నిమిషాలు.

కుర్రాడిని పంపు కింద కూర్చోబెట్టి కాళ్ళ మీద చల్లటి నీళ్ళు వదిలాం. ఎవరో టూత్‌పేస్టు తెచ్చారు, పక్క షెడ్డు పెద్దాయన రాయనివ్వలేదు. చర్మానికి అతుక్కున్న గుడ్డను లాగనివ్వలేదు. ఇరవై నిమిషాలు నీళ్ళే పోయండి అని మా పక్కనే నిలబడ్డారు. అదే మంచిదైందని తర్వాత డాక్టరు చెప్పారు. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇప్పుడు నడుస్తున్నాడు. రంగుల పనికి మాత్రం మళ్ళీ రానన్నాడు, రమ్మని నేనూ అడగలేదు.

తప్పంతా సరుకుదే అని ఎందుకంటున్నానో చెప్పాలి. మనం టర్పెంటాయిల్ అని పిలిచేది చెట్టు జిగురు నుంచి వచ్చే పాతకాలం టర్పెంటైన్ కాదు, పెట్రోలియం నుంచి తీసే మినరల్ టర్పెంటైన్. మండే ద్రవం ఏదైనా దానికి ఫ్లాష్ పాయింట్ అని ఒకటి ఉంటుంది. ఎంత వేడి దగ్గర ఆ ద్రవం మీద అంటుకోడానికి సరిపడా ఆవిరి లేస్తుందో అదే ఫ్లాష్ పాయింట్. మినరల్ టర్పెంటైన్‌కి అది మామూలుగా 30 డిగ్రీలు దాటాకే ఉంటుంది. ఆ ఉదయం మా షెడ్డులో ఇరవై, ఇరవై రెండు డిగ్రీలకు మించి లేదు. అసలు సరుకైతే ఆ చలిలో అంత ఆవిరి లేచి, నేల మీద పాకి, పద్దెనిమిది అడుగుల దూరంలో నిప్పురవ్వను అందుకోవడం జరిగే పని కాదు.

థిన్నర్లలో వాడే టోలిన్‌కి ఫ్లాష్ పాయింట్ దాదాపు 4 డిగ్రీలు. నూనె మిల్లుల్లో వాడే హెక్సేన్‌కి సున్నాకి కింద 22. అంటే ఇంట్లో ఫ్రిజ్ ఫ్రీజర్‌లో పెట్టినా దాని మీద అంటుకునేంత ఆవిరి ఉంటుంది. పెట్రోలు ఇంకా కిందికి, సున్నాకి కింద 40 దాకా. ఇలాంటి తేలిక ద్రవం కొంత కలిపితే చాలు, టర్పెంటాయిల్ స్వభావమే మారిపోతుంది. డబ్బా మీద పేరు మాత్రం మారదు.

గుంటూరులో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మా పెదనాన్నగారి అబ్బాయికి చూపించాను. మిగిలిన సరుకులోంచి కొంచెం తీసి ఆరుబయట కొలతగ్లాసులో పోసి తూకం వేశాడు. కంపెనీ సీలు డబ్బాలోది లీటరు లెక్కకు 780 గ్రాముల దగ్గర తూగింది. మాకు అమ్మింది 700 గ్రాములు కూడా లేదు. తర్వాత ఒకే కాగితం మీద రెండిటినీ చెరో రెండు చుక్కలు వేశాడు. మాకు అమ్మినదాని మరక మేం చూస్తుండగానే మాయమైంది. కంపెనీ సరుకు మరక చాలాసేపు అలాగే ఉంది. ఇందులో కలిపింది ఫలానా కెమికల్ అని మాత్రం లేబ్ టెస్టు లేకుండా చెప్పనన్నాడు, నేనూ చెప్పను.

ఈ తూకం చూసుకోడం మంచిదే, కానీ దాన్నే పూర్తిగా నమ్మకండి. టోలిన్ లీటరు 870 గ్రాముల దాకా తూగుతుంది. తేలికదీ బరువుదీ లెక్కగా కలిపితే తూకం సరిగ్గానే వస్తుంది. తూకం తేడా వస్తే ఆ సరుకు వద్దు. తూకం సరిపోయినా మంచి సరుకని కాదు. ఇంకో మాట, కొంతమంది కొంచెం గుడ్డకి పూసి అగ్గిపుల్ల గీసి చూస్తారు, ఎంత త్వరగా అంటుకుంటే అంత మంచి సరుకని. ఆ పరీక్ష జోలికి అస్సలు పోవద్దు.

షాపుకి వెళ్ళి అడిగితే, 'ఎన్నేళ్ళ నుంచో ఇదే అమ్ముతున్నాం అన్నా, మీరే నిప్పు దగ్గర పెట్టుకుని ఉంటారు' అన్నాడు. చేతిలో ఉన్నది కచ్చా చీటీ. దాని మీద 'ఆయిల్ 20' అని తప్ప ఏమీ లేదు. 'టర్పెంటాయిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు, కావాలంటే కనుక్కో' అని కూడా అన్నాడు. కనుక్కున్నాను. 1934 పెట్రోలియం చట్టం, 2002 రూల్స్ ప్రకారం ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల లోపు ఉంటే క్లాస్ ఏ, 23 నుంచి 65 లోపు అయితే క్లాస్ బీ. అసలైన మినరల్ టర్పెంటైన్ క్లాస్ బీ, అది 2500 లీటర్ల దాకా లైసెన్స్ లేకుండా నిల్వ పెట్టుకోవచ్చు. అంతవరకు అతను చెప్పింది నిజమే. కానీ తేలిక ద్రవం కలిపి ఫ్లాష్ పాయింట్ 23 కిందికి దిగిందంటే అది క్లాస్ ఏ అయిపోతుంది. దాన్ని అమ్మకానికి పెట్టుకోడానికి లైసెన్స్ కావాలి. సొంత వాడకానికి మనం లైసెన్స్ లేకుండా పెట్టుకోగలిగింది 30 లీటర్లే, అదీ గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలో, గట్టి మూతతో. లోహపు డబ్బా అయితే ఒక్కొక్కటి 25 లీటర్లు మించకూడదు. ప్లాస్టిక్ ఆ లెక్కలోనే లేదు. మాకిచ్చింది ప్లాస్టిక్ డబ్బా. పేరు ఒకటి రాసి ఇంకోటి అమ్మితే మోసం డబ్బుతో ఆగదు, మన షెడ్డులో ఏమి ఉందో మనకే తెలియకుండా పోతుంది.

ప్లాస్టిక్ గురించి మా పెదనాన్నగారి అబ్బాయి ఇంకో సంగతి చెప్పాడు. ఇలాంటి ద్రవం ధారగా పోస్తుంటే రాపిడికి కరెంటు పుడుతుంది, స్టాటిక్ అంటారు. ఇనుప డబ్బాలైతే రెండిటికీ తీగ కలిపి ఎర్త్ చేసి పోస్తే అది నేలలోకి పోతుంది. ప్లాస్టిక్‌లో ఎటూ పోదు, చిన్న మెరుపుగా బయటపడితే చాలు. నిప్పు లేకుండానే అంటుకుందని ఆటోనగర్‌లో చెప్పుకునే కొన్ని సంగతుల వెనక ఇదే ఉండొచ్చని ఇప్పుడనిపిస్తోంది.

ఈ ఆవిరి గాలికంటే బరువు. పొగలా పైకి పోదు, నీళ్ళలా పల్లానికి పోతుంది. మన షెడ్లలో లారీ కింద పని చేసుకోడానికి గుంతలుంటాయి కదా, అందులోకి దిగి కూర్చుంటుంది. వాసన రావట్లేదని గుంతలోకి దిగి లైటు స్విచ్ వేయడమో, హోల్డరు ఊడిన బల్బు వేలాడదీయడమో చేయకండి. కలిపే పని, కడిగే పని గుంతకు దూరంగా, గాలి తగిలే చోట చేయండి. చుట్టుపక్కల వెల్డింగ్, గ్రైండింగ్ ఉంటే అది ఆపించాకే డబ్బా మూత తీయండి. ఇప్పుడు మేము పక్క షెడ్డాయనతో మాట్లాడుకుని ఆ పద్ధతే పెట్టుకున్నాం. మేలో అయితే కంపెనీ సరుకును కూడా నమ్మొద్దు. మన ఊళ్ళో ఎండ 42, 43 దాటుతుంది, రేకుల కింద ఇంకా ఎక్కువ. ఆ వేడిలో అసలైన టర్పెంటాయిల్ కూడా తన ఫ్లాష్ పాయింట్ దాటేసి ఉంటుంది. మాకు డిసెంబర్‌లో జరిగింది మీకు మేలో మంచి సరుకుతోనే జరగొచ్చు.

డ్రమ్ములోంచి పైపు వేసి నోటితో పీల్చడం మానేయండి, చిన్న చేతి పంపు కొనండి. పొరపాటున మింగితే వాంతి చేయించకండి, బయటికి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతే మింగినదానికంటే అదే ప్రమాదం. నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. సాయంత్రం చేతులకున్న రంగు దీంతోనే కడుక్కోవడం మనందరికీ అలవాటు. అందులో హెక్సేన్ లాంటిది ఉంటే, ఏళ్ళ తరబడి పీలుస్తూ ఒంటికి పూసుకుంటూ ఉంటే చేతులు కాళ్ళు తిమ్మిరెక్కి నరాలు దెబ్బతింటాయి. మిగిలిన కాస్తా కూల్‌డ్రింకు సీసాలో, మంచినీళ్ళ సీసాలో పోసి ఇంటికి తీసుకెళ్ళకండి, పిల్లలు తాగేస్తారు.

ఖాళీ డ్రమ్ము గురించి చెప్పకుండా ఉండలేను. మన దగ్గర ఖాళీ డ్రమ్మును గ్యాస్ కట్టర్‌తో కోసి తొట్టి చేసుకోవడం రోజూ చూసేదే. నిండా ఉన్న డ్రమ్ములో గాలి ఉండదు. ఖాళీ డ్రమ్ములో అడుగున ఓ గ్లాసెడు మిగిలినా చాలు, లోపలంతా ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి. కట్టర్ తగిలితే అది మంట కాదు, పేలుడు. మూత తీసి నాలుగు రోజులు ఎండలో పెట్టాం కదా అని కొయ్యకండి.

షెడ్డులో పొడి రసాయనం ఉన్న సిలిండరు, అంటే డీసీపీది, ఒకటి పెట్టుకోండి. నెలకోసారి ముల్లు పచ్చ గీత మీద ఉందో లేదో చూడండి. పక్కన రెండు బకెట్ల ఇసుక ఉంచండి. ఫైరింజనుకు 101, అంబులెన్సుకు 108 గోడ మీద పెయింటుతో రాయించండి. మేమిప్పుడు రాయించాం. కొనేటప్పుడు సీలు, బ్యాచ్ నంబరు, లేబుల్ మీద మంట గుర్తు, పక్కా బిల్లు నాలుగూ ఉంటేనే తీసుకోండి. సేఫ్టీ డేటా షీట్ అడగండి, అందులో ఫ్లాష్ పాయింట్ రాసి ఉంటుంది. ఇవ్వనన్నవాడి దగ్గర పాతిక రూపాయలు తక్కువైనా వద్దు. మోసపోయామనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. బిల్లు లేకపోవడంతో నా మాట ఎంత తేలికైపోయిందో అక్కడే తెలిసింది.

షాపు పేరు ఇక్కడ రాయడం లేదు, నా దగ్గర లేబ్ కాగితం లేదు కాబట్టి. కానీ అదే సరుకు ఇంకా చాలా షెడ్లలో ఉండి ఉంటుంది. తెల్ల డబ్బా, చింపిన లేబుల్, మార్కర్ రాత, మూత కింద పాలిథిన్ ముక్క. మీ దగ్గర అలాంటిది ఉంటే ఈ రోజే మూత బిగించి షెడ్డు బయట నీడలో, నిప్పుకీ కరెంటుకీ దూరంగా పెట్టండి, అమ్మినవాడే వచ్చి తీసుకెళ్ళాలని పట్టుబట్టండి. పారబోద్దామని మురికికాలవలో మాత్రం పొయ్యకండి. ఆవిరి కాలవ మూతల కిందే పాకి, ఏమీ తెలియకుండా వెల్డింగ్ చేసుకుంటున్న ఇంకో షెడ్డు దగ్గర పైకి లేస్తుంది.