కడియపులంకలో కొన్న కంచె వెదురు ఎలా ఉందంటే

కడియపులంక దగ్గర హైవే పక్కన పెద్ద బోర్డులున్న నర్సరీలు వదిలేసి, లోపల కాలవగట్టు మీదున్న ఓ చిన్న నర్సరీలో వెదురు మొక్కలు కొన్నాను. కింద నాలుగు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

మాది తణుకు. పక్కన కట్టిన మూడంతస్తుల మేడ కిటికీలన్నీ మా వంటింటి వైపే. మాకు పచ్చటి తెర కావాలి, కానీ వేళ్లు వాళ్ల స్థలంలోకి పోయి గొడవ అవకూడదు. ఈ మాట చెప్పగానే అక్కడ పనిచేసే పెద్దాయన "ఆయ్, పొద కట్టే రకమేనండి, ఉన్నచోటే ఉంటదండి" అంటూ మల్టీప్లెక్స్ అనే రకం చూపించారు. సన్నటి బొంగు, కిందినుంచీ ఆకు, ఇరవై అడుగులకి అటూ ఇటూ ఆగుతుంది. పసుపు బొంగు మీద ఆకుపచ్చ చారలుండే రకం మీద మావారు మనసు పారేసుకున్నారు. అది ముప్పై అడుగులు దాటుతుంది, మా పెరడంతా అదే తినేస్తుంది. తోటలున్నవాళ్లు కొనుక్కోవచ్చు.

ఎత్తుగా ఒకే బొంగుతో ఉన్న మొక్కలు నేను ఏరుతుంటే పెద్దాయన ఆపారు. "పొడుగు చూడకండమ్మా, దుంప చూడండి" అని ఓ కవరు పక్కకి చించి చూపించారు. వెదురు బొంగు మొలిచిన ఏడు ఎంత ఎత్తు, ఎంత లావు వస్తే అంతే, తర్వాత ఎన్నేళ్లున్నా పెరగదు. బలిసేది దుంప. వానలకి దాన్నుంచి వచ్చే కొత్త పిలకలే పాతవాటికన్నా లావుగా, పొడుగ్గా వస్తాయి. అందుకే మోకాలెత్తున్నా సరే, నాలుగైదు బొంగులూ అడుగున మొనదేలిన పిలక మొగ్గలూ ఉన్న కవరే కొనాలట. పైగా దాని రేటే తక్కువ! ఎక్కువ రేటు సరుకు పక్కన పెట్టి ఇలా చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు?

డెలివరీ మాత్రం ఘోరం. టార్పాలిన్ కప్పకుండా, మిట్ట మధ్యాహ్నం ట్రాలీ ఆటోలో పంపారు. హైవే గాలికి ఆకులన్నీ పుల్లల్లా చుట్టుకుపోయాయి. ఫోన్ చేస్తే ఓనరు "నీళ్లు పెట్టండి, లేస్తాయి" అని కట్ చేశారు. లేచాయి, నిజమే, సగం ఆకు రాలాక. కవర్లలో మట్టి అచ్చం బంకమట్టి, నీళ్లు పైనే నిలిచిపోతాయి. గోతుల్లో ఎర్రమట్టీ మాగిన గెత్తమూ కలిపి నాటాం. ఏవో గుళికల డబ్బా కూడా అంటగట్టబోయారు, వద్దన్నాను. గెత్తం, అప్పుడప్పుడు కాస్త యూరియా చాలు. రాలిన ఆకు మాత్రం ఊడ్చేయకుండా మొక్క మొదట్లోనే వదిలేయాలి.

గోడకి మూడడుగులు, మొక్కకీ మొక్కకీ నాలుగడుగులు వదిలాం. ఇప్పుడు తెర బాగా కట్టింది, కిటికీ తీస్తున్నాం. కొత్త బొంగులు పొద చుట్టూ బయటివైపు వస్తాయి కాబట్టి మూడేళ్లు దాటిన ముదురువి మధ్యలోంచి తీసేస్తుంటే లోపలికి గాలి ఆడుతుంది. సరిగ్గా కణుపు పైన కోయాలి, లేకపోతే మిగిలిన గొట్టంలో వాన నీళ్లు నిలిచి దోమలు చేరతాయి. పిలకలేసే వానల్లో కత్తి పెట్టం, ఆ పనంతా సంక్రాంతి తర్వాతే. కోసిన బొంగులు చిక్కుడు పందిరికి వెళ్తున్నాయి.

మొక్కలకి ఐదుకి నాలుగున్నర, డెలివరీకి ఒకటి. వెళ్లేవాళ్లు వానలు మొదలయ్యాక వెళ్లండి, టార్పాలిన్ మీరే పట్టుకెళ్లండి.