మా ఊరి రైతు సేవా కేంద్రం: ఐదేళ్లు వాడాక నా అభిప్రాయం

2020లో రైతు భరోసా కేంద్రంగా మొదలైనప్పటి నుంచీ వెళ్తున్నాను. 2024లో పేరు రైతు సేవా కేంద్రంగా మారింది. విత్తనాలు, ఎరువుల గురించి అందరూ రాస్తారు. నాకు మాత్రం దాని విలువంతా అక్కడి వ్యవసాయ సహాయకుల్లోనే కనిపించింది.

మాది శ్రీకాకుళం జిల్లా, వంశధార కాలువ కింద వరి. ఒక ఖరీఫ్‌లో చేను పొట్ట మీదుండగా సుడిదోమ పడింది, దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే పురుగు అది. షాపులో ఇచ్చిన మందు పైపైన కొట్టేద్దామనుకుంటున్నాం. అప్పటి అసిస్టెంట్ అమ్మాయి మడిలోకి దిగి, దుబ్బు విడదీసి మొదలు చూపించింది. "దోమ ఇక్కడుంది బాబాయ్. ముందు నీరు తీసేయండి. చేను పాయలుగా విడదీసి, మొదళ్లు తడిసేలా కొట్టండి" అంది. బుప్రోఫెజిన్ అనే దోమ మందు లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్లు కలపమంది. సింథటిక్ పైరిత్రాయిడ్ల రకం పురుగుమందులు కొడితే దోమ ఇంకా పెరుగుతుందని కూడా అప్పుడే తెలిసింది. చేను నిలబడింది. మరుసటి ఏడు ఉభాల్లో (నాట్లప్పుడు) ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమంటే పక్క రైతులూ వదిలారు. ఆ తర్వాత ఆ అమ్మాయి ఎవరూ పిలవకుండానే పొలాలకు వచ్చేది.

జీతం, ప్రమోషన్ వాళ్లకీ కావాలి, కాదనను. కానీ మండుటెండలో గట్ల వెంట నడిపించేది మాత్రం తమ మాట రైతు వినడం, అది చేలో ఫలించడం. ఇది నేను కళ్లారా చూశాను. రాగోలు పరిశోధన స్థానం శాస్త్రవేత్తలతో కలిసి వచ్చిన రోజుల్లో వాళ్ల మాటలో ధీమా వేరు. శ్రీకాకుళం సన్నాలు అనే వరి రకం పుట్టింది అక్కడే కదా, మావాళ్లకూ ఆ స్థానమంటే గురి.

బాధ కలిగించేది యాప్‌ల పని. ఈ-క్రాప్ (పంటల నమోదు) సీజనులో పొలం పొలానికీ వెళ్లి ఫొటో తీయాలి, తర్వాత రైతుల వేలిముద్రలు. సిగ్నల్ ఉండదు, రైతు విసుక్కుంటాడు, పైనుంచి టెన్షన్. సరిగ్గా తెగుళ్లు వచ్చే రోజుల్లోనే ఇదంతా. తర్వాత వచ్చిన కుర్రాడు చాలాకాలం ఫోన్‌లోనే తలమునకలయ్యాడు. పొలంబడిలో, అంటే చేలోనే పెట్టే రైతుల పాఠంలో, రైతులతో కూర్చుని సాలీళ్లు, అక్షింతల పురుగుల్లాంటి మేలుచేసే పురుగులు లెక్కపెట్టించిన రోజు నుంచి అతనిలో హుషారు వచ్చింది.

వాడబోయేవాళ్లకు నేను చెప్పేది: సమస్య ఫోన్‌లో చెప్పకండి, చేలోకి తీసుకెళ్లండి. మందు కొట్టాక ఏమైందో మళ్లీ వెళ్లి చెప్పండి, పనిచేయకపోయినా సరే. జింకు లోపానికి లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు కొట్టినా చేను తేరుకోలేదని నేను వెళ్లి చెప్తేనే, ఆ కుర్రాడు సాయంత్రం వచ్చి చూసి, మళ్లీ కొట్టించాడు.