ఇంటిల్లిపాదికీ అత్యవసర ఫోన్ ఏర్పాటు: కడపలో నాలుగు వానాకాలాలు వాడాక

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట పక్క పులపత్తూరు, మందపల్లి మునిగాయి. ఆ తర్వాత రెండు రోజులకే కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. కరెంటు లేదు, దారి లేదు, ఎవరు ఎక్కడున్నారో చెప్పే దిక్కు లేదు. ఆ డిసెంబరులో మా ఇంటికి అమర్చుకున్నది ఈ ఏర్పాటు. జేబులో పట్టే కార్డు, వేరే ఊళ్లో కబురు అందుకునే మనిషి ఒకరు, కలుసుకునే చోట్లు రెండు, కీప్యాడ్ ఫోను, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, రేడియో, వైఫై రౌటరుకు చిన్న యూపీఎస్. మొత్తం అయిదు వేల రూపాయల లోపు. నాలుగేళ్ల వాడకంలో తేలింది ఏమిటంటే, డబ్బు పెట్టి కొన్నవాటి కన్నా ముందే కూర్చుని మాట్లాడుకుని రాసుకున్నవే ఎక్కువ పనికొచ్చాయి. కొన్నవన్నీ ఏదో ఒకసారి మొరాయించాయి.

కార్డుతో మొదలుపెడతాను. విజిటింగ్ కార్డు సైజు, రెండు వైపులా కలిపి పన్నెండు నంబర్లకు మించి పెట్టకూడదు. ఎక్కువ పెడితే అక్షరం చిన్నదై అవ్వకు కనబడదు. ఒక వైపు ఇంటివాళ్లవి, బయటి ఊరి మనిషివి. రెండో వైపు ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకు 108, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077, కరెంటు తీగ తెగిపడితే 1912. 1077 విషయంలో చాలామంది పొరబడతారు. హైదరాబాదు నుంచి ఆ నాలుగు అంకెలే నొక్కితే మోగేది అక్కడి కలెక్టరేటులో. బయటినుంచి చేసేవాళ్లు ఎస్టీడీ కోడ్ కలపాలి: కడపకు 08562, కర్నూలుకు 08518, అనంతపురానికి 08554. వరదలప్పుడు కలెక్టరేటువాళ్లు విడిగా నంబర్లు ప్రకటిస్తారు, వాటికోసం ఒక గడి ఖాళీగా వదిలి పెన్సిలుతో రాసుకోవాలి. మొదటి కార్డు జెల్ పెన్నుతో రాస్తే తడికి అలుక్కుపోయింది. బాల్ పెన్ను నిలిచింది. లామినేషన్ చేయించాక కాగితం అంచు దాకా కత్తిరిస్తే నీళ్లు లోపలికి దిగుతాయి, చుట్టూ మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ వదలాలి. ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు దీని మీద రాయొద్దు. పిల్లల బడిసంచిలో ఉండే కార్డు ఎవరి చేతికైనా పోవచ్చు.

అసలు ప్రాణం బయటి ఊరి మనిషి. ఊళ్లో అందరూ ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటే అదే టవరు మీద అన్ని కాల్స్ పడి ఎవరికీ కలవదు. ఒక్కొక్కరూ ఒక్క మెసేజ్ బయటి ఊరికి పంపితే ఆ మనిషి దగ్గర అందరి లెక్కా తేలుతుంది. ఎవరిని ఎంచుకోవాలన్న దగ్గరే తప్పు జరుగుతుంది. కడపవాళ్లకు చుట్టాలు చెన్నైలో, తిరుపతిలో ఎక్కువ. కానీ నవంబరులో బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండం చెన్నై, నెల్లూరు, తిరుపతి, కడపలను ఒకే ఊపులో తడుపుతుంది. మన ఇంట్లో కరెంటు పోయిన రోజే వాళ్లకూ పోతుంది. అందుకని మొదటి మనిషి హైదరాబాదులో, రెండో మనిషి బెంగళూరులో ఉండేలా చూసుకున్నాం. రాజంపేట, రాయచోటి వైపు ఇళ్లలో కువైట్లో ఉన్న కొడుకో అల్లుడో ఉంటాడు, అతనికే కబురు పెడదామనుకుంటారు. ఇక్కడి సిమ్ నుంచి కువైట్‌కు ఎస్ఎంఎస్ పోవాలంటే ఐఎస్డీ సౌకర్యం తెరిచి, బ్యాలెన్సు ఉండాలి. వాట్సాప్‌కు డేటా కావాలి. ఆ రోజు రెండూ ఉంటాయని నమ్మలేం. హైదరాబాదు మనిషే కువైట్‌కు చెప్పాలన్నది మా నియమం.

ఆ మనిషి దగ్గర కూడా ఒక నోటుపుస్తకం ఉండాలి: పేరు, టైము, ఉన్నచోటు, చెప్పిన మాట, నాలుగు గడులు. ఫోనులో చూసుకోవచ్చులే అని మొదటి ఏడాది పుస్తకం పెట్టలేదు. ఇద్దరు ముగ్గురి మెసేజులు కలిసిపోయి ఎవరు ఎప్పుడు పంపారో గుర్తు పట్టడం కష్టమైంది. ఇప్పుడు రాస్తున్నారు, గొడవ లేదు.

కాల్ కన్నా ఎస్ఎంఎస్ ఎందుకు మేలంటే, కాల్ కలవకపోతే అక్కడితో అయిపోతుంది. మెసేజ్ కంపెనీ సర్వరులో ఆగి, అవతలి ఫోనుకు సిగ్నల్ దొరికినప్పుడు చేరుతుంది. తెలుగు లిపిలో రాస్తే ఒక మెసేజులో 70 గుర్తులే పడతాయి, ఇంగ్లీషు అక్షరాల్లో 160. తెలుగులో ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి, ‘క్షేమం’ అన్న మాటకే ఆరు ఖర్చు. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, అందులో ఒక ముక్క చేరకపోయినా అవతలివాళ్లకు పూర్తిగా కనిపించకపోవచ్చు. అందుకే మాటలు తెలుగువే, అక్షరాలు ఇంగ్లీషువి. వరస మాత్రం మారదు: క్షేమం, ఎంతమంది, ఎక్కడ, మళ్లీ ఎప్పుడు. ‘Kshemam, naluguram, midde paina, malli 6ki.’ దీన్ని ప్రతి ఫోనులోనూ డ్రాఫ్టుగా పెట్టి ఉంచాలి. కంగారులో ఎవరూ కొత్తగా రాయలేరు.

మిస్డ్ కాల్ సంకేతాలు కూడా పెట్టి చూశాం, ఒకసారి మోగితే క్షేమం, రెండుసార్లు మోగితే సాయం కావాలి అని. తీసేశాం. లైను కలవక ఒక్కసారే మోగితే సాయం కావాలన్న మాట క్షేమంగా మారిపోతుంది. ఇంత ప్రమాదకరమైన సంకేతం ఇంకోటి లేదు, వాడుతున్నవాళ్లు ఈరోజే మానేయండి.

ఫోను ఎప్పుడు ఆన్ చేయాలన్నది కూడా ముందే రాసుకోవాలి. సిగ్నల్ లేని చోట ఫోను టవరు కోసం వెతుకుతూ బ్యాటరీని తాగేస్తుంది. పొద్దున 6, 9, మధ్యాహ్నం 12, 3, సాయంత్రం 6, 9. ప్రతిసారీ పది నిమిషాలు ఆన్, మిగతా వేళంతా ఫ్లైట్ మోడ్. అవతలి మనిషికీ ఈ వేళలు తెలిస్తే మధ్యలో ఫోన్ కలవలేదని బెంబేలు పడరు. దగ్గరలో నీళ్లు పెరుగుతున్నప్పుడు మాత్రం ఒక ఫోను ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి, లేకపోతే ప్రభుత్వ హెచ్చరిక అందదు. 2023లో దేశమంతా పరీక్షగా పెద్ద శబ్దంతో వచ్చిన మెసేజులు ఆ హెచ్చరిక విధానంవే. టవరు పరిధిలో ఈ సౌకర్యం ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి వస్తుంది. సెట్టింగుల్లో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆపేసి ఉంటే తెరవండి.

కలుసుకునే చోట్లు రెండు ఉండాల్సిందే, అదీ ఊరి మధ్య పారే బుగ్గవంకకు ఇవతల ఒకటి, అవతల ఒకటి. పైనుంచి నీళ్లు వదిలితే వంక మీది వంతెనలు మూసేస్తారు, బడి ఒక పక్క, ఇల్లు ఒక పక్క అయిపోతుంది. దాటే ప్రయత్నం చేయకుండా ఉన్న పక్కనే ఉన్న చోటికి పోవాలని పిల్లలకు నోటికొచ్చేలా చెప్పాం. కర్నూలులో హంద్రీ, అనంతపురంలో నడిమివంక ఒడ్డున ఉన్నవాళ్లకూ ఇదే లెక్క. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నీళ్లు మిద్దెల దాకా ఎక్కాయి. కాబట్టి ఎంచుకునే చోటు ఎత్తున ఉండాలి, మైదానం అయితే సరిపోదు.

ఇక కొన్న వస్తువులు. కీప్యాడ్ ఫోను బంగారం, ఒకసారి ఛార్జి చేస్తే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే 112కు పోయే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంది, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వొద్దు. కొనేటప్పుడు 2జీ ఫోనా, 4జీ ఫోనా చూడాలి. జియోకు 2జీ లేదు, పాత కీప్యాడ్ ఫోనులో ఆ సిమ్ పని చేయదు. ఇంట్లో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండటం మంచిదే. కానీ ఒకే టవరు మీద రెండు మూడు కంపెనీల యాంటెన్నాలు ఉంటాయి, ఆ టవరుకు డీజిల్ అయిపోతే రెండూ పోతాయి. మాకు తగిలిన పెద్ద దెబ్బ సిమ్ దగ్గరే. పెట్టెలో పెట్టిన సిమ్‌కు ప్యాకు అయిపోయి, అవసరానికి తీసేసరికి అవుట్‌గోయింగ్ ఆగిపోయి ఉంది. డేటా లేని, కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉన్న దీర్ఘకాలపు ప్యాకులు ఇప్పుడు దొరుకుతున్నాయి, అదే వేసుకోవాలి.

పవర్ బ్యాంకు మీద 10,000 అని రాసి ఉన్నా అది లోపలి సెల్లు 3.7 వోల్టుల లెక్క. 5 వోల్టులకు మారి, వేడిగా పోయేది పోగా చేతికొచ్చేది దాదాపు 6,000. పెద్ద ఫోను ఒకటిన్నర సారి కూడా నిండదు, కీప్యాడ్ ఫోనైతే అయిదారుసార్లు. ఇంకో చిక్కు ఉంది. కీప్యాడ్ ఫోను తీసుకునే కరెంటు తక్కువ కావడంతో కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని వాటంతటవే ఆగిపోతాయి. ఫోను పాడైందనుకుని పడేయకండి, రెండో సాకెట్లో ఇంకో ఫోను కూడా తగిలిస్తే ఆగదు. మన ఎండలకు రేకుల కింద, బీరువా పైన పెడితే రెండేళ్లలో ఉబ్బుతుంది. కింద, గోడ చల్లగా ఉండే మూల పెట్టాలి.

రౌటరు యూపీఎస్ గురించి పెద్దగా చెప్పేది లేదు. కొత్తలో మూడు గంటలు, మూడో ఏడాదికి గంటన్నర. మామూలు కరెంటు కోతకు బాగుంటుంది. ఇంటర్నెట్ కేబుల్ కరెంటు స్తంభాల మీదుగా వచ్చే ఇళ్లకు స్తంభం ఒరిగితే యూపీఎస్ ఉండీ లాభం లేదు.

రేడియో కొనేవాళ్లు చేత్తో తిప్పే డైనమో ఉన్నది కొనొద్దు, లోపలి బ్యాటరీ ముందు చస్తుంది. మామూలు పెన్సిల్ సెల్లులది తీసుకుని, సెల్లులు బయటే పక్కన పెట్టండి, లోపలే ఉంచితే కారి స్ప్రింగులు తినేస్తాయి. ఫోనులో ఎఫ్ఎం ఉన్నా వైరు ఇయర్‌ఫోన్లే దానికి యాంటెన్నా, అవి లేకపోతే పలకదు.

వాకీటాకీలు ఊళ్లో వద్దు. లైసెన్సు లేకుండా వాడదగ్గ 446 మెగాహెర్ట్జ్ తక్కువ పవరు సెట్లు మిద్దెల మధ్య కొన్ని వందల మీటర్లే అందుతాయి, తోటకూ ఇంటికీ మధ్య అయితే పనికొస్తాయి. అంతకన్నా పవరున్నవి చౌకగా కనిపించినా లైసెన్సు లేకుండా వాడటం నేరం. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లతో శాటిలైట్ ఫోను తెప్పించుకోవడం ఇంకా పెద్ద తప్పు, కేంద్ర టెలికాం శాఖ అనుమతి లేకుంటే కేసు పడుతుంది.

వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పంపేలా సెట్టింగు మార్చాం. వాన పడగానే ఏ ఊరిదో కట్ట తెగిన పాత వీడియో తిరుగుతుంది, దాన్ని చూసి జనం రోడ్డెక్కితేనే ప్రమాదం.

తనిఖీకి తేదీలు పెట్టుకుంటే మరిచిపోతున్నాం, పండగలకు ముడిపెట్టాం: సంక్రాంతి, ఉగాది, తొలి ఏకాదశి, దసరా. ఇంచుమించు మూడు నెలలకొకటి, పవర్ బ్యాంకు మళ్లీ నింపాల్సిన వ్యవధీ అదే. దసరా అయిన వెంటనే ఈశాన్య రుతుపవనాలు వస్తాయి కాబట్టి ఆ రోజు ఇంట్లో అందరూ బయటి ఊరి మనిషికి నిజంగానే మెసేజ్ పంపాలి. మొన్నటి దసరాకు తేలినవి రెండు: ఒక కార్డు మీద మారిపోయిన నంబరు అలాగే ఉంది, చార్జింగ్ కేబుల్ పిన్ను వదులైంది. కార్డు తిరగరాశాం, కొత్త కేబుల్ పవర్ బ్యాంకుకే రబ్బరుబ్యాండుతో కట్టి పెట్టాం.