వెన్ను మీద వెలిగే ప్రాణం

ద్వారకానగర్‌లో మేము వెళ్లే గేమింగ్ సెంటర్‌లో డెడ్ స్పేస్ రీమేక్ (2023) అనే హారర్ వీడియో గేమ్ ఉంది. భయపెట్టడం సంగతి అలా ఉంచితే, నాకు తెగ నచ్చింది అందులో ప్రాణాన్ని చూపించే తీరు. ప్రాణం ఎంత మిగిలిందో చూపే హెల్త్ బార్ స్క్రీన్ మూలన ఉండదు. మనం ఆడించే పాత్ర ఐజాక్ సూట్‌లో వెన్నెముక పొడవునా వెలిగే గీతే బార్. దెబ్బ తగిలేకొద్దీ ఆ వెలుగు తరిగిపోతుంది, చివరికి ఎర్రబడుతుంది. కెమెరా ఎప్పుడూ వెనకే ఉంటుంది కాబట్టి చూపు పక్కకు తిప్పే పనే లేదు. తుపాకీలో ఎన్ని గుళ్లున్నాయో ఆ తుపాకీ దగ్గరే అంకె వెలుగుతుంది. 2008 నాటి మొదటి ఆటలోనే ఇదంతా ఉంది!

కొన్ని షూటింగ్ ఆటల్లో దెబ్బ తగిలితే స్క్రీన్ అంచులు రక్తంతో నిండిపోతాయి. సరిగ్గా శత్రువు కనపడాల్సినప్పుడే కనపడడు, టెన్షన్ తప్ప ఏం లాభం? మా తమ్ముడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. అయినా గీత ఎంత మిగిలిందో చూసుకుంటూ హాయిగా ఆడాడు. రంగు ఒక్కదాన్నే నమ్ముకోకపోవడం ఎంత మంచి ఆలోచనో!

సెంటర్‌లో కుర్చీలు, ఏసీ బాగున్నాయి. కిటికీ పక్క మానిటర్ మాత్రం వద్దు. మధ్యాహ్నం ఎండ పడితే చీకటి సీన్లలో ఏమీ కనపడదు. గోడవైపు సీటు అడగండి, ఇస్తారు.