గోళీ చెప్పిందే తీర్పు: ‘మ్యాజిక్ లాబిరింత్’తో కొన్ని చలికాలాలు

ఈ ఆట మా ఇంట్లో ఇన్నాళ్లు నిలబడిందంటే కారణం ఒక్కటే, బోర్డు కింద గోళీ రాలిపడే చప్పుడు. అది వినపడగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరం ఒక్కసారిగా అరుస్తాం. పడింది మనదైతే ఏడుపు, ఎదుటివాళ్లదైతే పండగ. పెట్టె మీద మంత్రగాళ్లు, పొడుగు టోపీలు ఉన్నాయి, చిక్కుదారిలో పోయిన మాయ వస్తువులను వెతికి తేవాలని ఒక కథ కూడా ఉంది. ఆ కథ మొదటి రోజు చదివాం, మళ్లీ ఎవరూ తలచుకోలేదు. మంత్రం ఏమైనా ఉంటే అది ఆ ఇనుప గోళీలోనే ఉంది.

ఆడనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. పెట్టె అడుగున చెక్క గోడలతో చిక్కుదారి కట్టి, దాని మీద గళ్ల బోర్డును మూతలా పెడతారు. పైన మన పావు ఉంటుంది. పావులో అయస్కాంతం ఉంటుంది కాబట్టి బోర్డుకు కింది వైపు ఒక గోళీ దాన్ని అంటిపెట్టుకొని వేలాడుతుంది. పాచిక వేసి పావును జరుపుతుంటే కింద గోళీ కూడా జరుగుతుంది. మధ్యలో గోడ తగిలితే గోళీ ఆగిపోతుంది, పావు ముందుకు పోతుంది, పట్టు తెగి గోళీ రాలిపోతుంది. అంతే, మళ్లీ మన మూల నుంచి మొదలు. సంచిలోంచి తీసిన గుర్తు ఉన్న గడికి ముందుగా చేరి, అలా ఐదు గుర్తులు పోగేసినవారు గెలిచినట్టు. దిర్క్ బౌమన్ తయారుచేసిన ఈ ఆటకు జర్మనీలో 2009లో ఆ ఏటి ఉత్తమ పిల్లల ఆటగా బహుమతి వచ్చింది. మేము ఉండేది ఇక్కడే కాబట్టి, బడిలో ఏ అమ్మను అడిగినా ఈ పేరే చెప్పింది.

మా అమ్మాయికీ అబ్బాయికీ మూడేళ్లు తేడా. ఇంట్లో ఏ ఆట మొదలైనా రెండో నిమిషంలో పంచాయితీ. “నువ్వు రెండు గళ్లు ఎక్కువ జరిపావు”, “నీ చీటీ నేను చూడలేదు”, “అమ్మా, అక్క చూడు”. ఆదివారం సాయంత్రం ఆట కోసం కూర్చుని నేను న్యాయమూర్తిగా లేచేదాన్ని. ఈ ఆట వచ్చాక ఆ ఉద్యోగం పోయింది. గోడ ఉందా లేదా అన్నది నేను చెప్పక్కర్లేదు, గోళీయే చెబుతుంది. పడితే పడింది, పడకపోతే లేదు. అప్పీలు లేదు. ఆరేళ్లవాడి మీద దయతలచి ఓడిపోవలసిన అవసరం కూడా రాలేదు. మేము ఆఫీసు ఆలోచనలతో పావు జరుపుతుంటే, వాడు ఎక్కడ ఎవరి గోళీ పడిందో మొత్తం కళ్లలో పెట్టుకొని నిజంగానే గెలిచేవాడు.

మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఆటలోకి దిగడానికి భాష అడ్డం రాలేదు, బోర్డు మీద చదవవలసింది ఏమీ లేదు, అన్నీ బొమ్మలే. అష్టాచెమ్మా, వామనగుంటలూ ఆడి పెరిగిన మనిషి. అక్కడ కాయలైనా గింజలైనా అన్నీ కళ్లముందే ఉంటాయి, ఇక్కడ గోడ ఎక్కడుందో ఎవరికీ కనపడదని ఆమెకు మహా సరదా. కాకపోతే గోళీ పడిన ప్రతిచోటా వేలు పెట్టి, “ఇదిగో, ఈ కప్పకూ ఈ దీపానికీ మధ్య గోడ” అని పైకే వల్లె వేసుకునేది. పిల్లలు గుట్టుచప్పుడు కాకుండా ఆ పాఠం విని దారి మార్చుకునేవారు. ఆమె జ్ఞాపకశక్తితో ఆమె తప్ప అందరూ గెలిచారు.

ఇక అసలు సంగతి. కిందటి చలికాలంలో ఒక సాయంత్రం అమ్మాయి గోళీ బోర్డు నడిమధ్య పడిపోయింది. తర్వాతి వంతు తమ్ముడిది. వాడు సరిగ్గా అదే చోట, అదే గీత మీదుగా పావు జరిపాడు. చప్పుడు లేదు. పావు అవతలి గడిలో నిలబడింది, కింద గోళీ కూడా పదిలంగా ఉంది.

“ఒరేయ్, పావు ఎత్తి పెట్టావు!”

“లేదక్కా, ఒట్టు!”

కొన్నేళ్లుగా మూతపడిన నా కోర్టు మళ్లీ తెరుచుకుంది. “వాణ్ని ఎందుకమ్మా అంటావు, మూత తీసి చూడండి” అని మా అత్తగారు. తీశాం. గోడ ఉంది, దిట్టంగా గాడిలో నిలబడే ఉంది. మూత పెట్టి నేనే నెమ్మదిగా జరిపి చూశాను. వేలికి చిన్న అడ్డు తగిలింది, కింద గీరుకున్న చప్పుడు వచ్చింది, ఆ పైన గోళీ గోడెక్కి అవతలికి దిగింది! అంచుల దగ్గర గోడలు మాత్రం మునుపటిలాగే గోళీని పడేస్తున్నాయి. నడుమ ఉన్న గళ్లలోనే ఈ వింత. మావాడు ఆ పూటకు గోడల్లోంచి నడిచే మంత్రగాడు అయిపోయాడు. కథకైతే ఇంతకంటే ఏం కావాలి, ఆటకు మాత్రం ప్రాణం పోయింది.

బోర్డును తీసి బల్ల మీద పెట్టి నడుమ వేలితో నొక్కితే తెలిసింది. అది కిందికి దిగి, వేలు తీయగానే మళ్లీ పైకి లేస్తోంది. అట్ట వంగి నడుమ ఉబ్బింది. ఎంతో కాదు, ఏ మూడు నాలుగు మిల్లీమీటర్లో. కానీ ఈ ఆట నడిచేదే ఆ కొద్దిపాటి సందు మీద. బోర్డుకూ గోడకూ మధ్య గోళీ దూరలేనంత ఎడమే ఉండాలి. అది పెరిగితే గోళీ గోడకు అడ్డంగా కాక దాని నెత్తి మీద తగులుతుంది, అయస్కాంతం దాన్ని పైకి లాక్కొని దాటించేస్తుంది. ఆటల పెట్టెలన్నీ పెట్టే అర మా ఇంట్లో హీటరు పైనే ఉంటుంది. ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా హీటరు ఆగదు, గదిలో గాలి పెదవులు పగిలేంత పొడిగా ఉంటుంది. అట్టకు రెండు వైపులా అంటించిన కాగితాలు ఒక్కలా ఆరవు, ముందు ఆరిన వైపుకు అది ముడుచుకుంటుంది. గవ్వలాటకు, పాము నిచ్చెనల పటానికి ఈ వంపు ఒక లెక్కే కాదు. వాటి మీద ఏదీ వేలాడదు కదా.

వైద్యం ఇంట్లోనే దొరికింది. బోర్డును తలకిందులుగా, ఉబ్బు పైకి కాకుండా కిందికి ఉండేలా నేల మీద పరిచి, మీద కూరగాయలు తరిగే పెద్ద పలక పెట్టి, దాని మీద పది కిలోల సోనా మసూరి బస్తా ఎక్కించాం. రెండు రాత్రులకు చాలావరకు సర్దుకుంది. పూర్తిగా అని అనను. ఇప్పటికీ నడిమి గళ్లలో ఒక గోడ అప్పుడప్పుడు మొహమాటపడుతుంది. మేము ఆ గాడిలో గోడ పెట్టడం మానేశాం. పెట్టె ఇప్పుడు హీటరు లేని వెనక గదిలో ఉంటోంది.

ఆ వంపు పోయినా దాని వల్ల వచ్చిన తెలివి పోలేదు. పావును మరీ మెల్లగా జరిపితే గోళీ గోడను ఎక్కవచ్చునని మావాడు, గబుక్కున లాగితే గోడ లేకున్నా గోళీ రాలుతుందని మా అమ్మాయి కనిపెట్టేశారు. దాంతో ‘మామూలు వేగం’ అంటే ఎంత అనే కొత్త తగాదా పుట్టింది. తీర్పు గోళీదేనని పైన అన్నాను. నిజమే, బోర్డు చదునుగా ఉన్నంత వరకు.

మరో మాట కూడా ఒప్పుకోవాలి. అమ్మాయికి ఇప్పుడు పదేళ్లు దాటాయి. సగం ఆట అయ్యేసరికి చిక్కుదారి మొత్తం దానికి కంఠతా వచ్చేస్తోంది. ఆ తర్వాత మిగిలేది పాచిక ఒక్కటే, దాని మీద 4కు మించి పడదు కాబట్టి వంట అయిందో లేదో చూసి వచ్చేంత నింపాదిగా సాగుతుంది. చిన్నవాళ్లతో తక్కువ గోడలు పెట్టుకొని ఆడతాం, ఇప్పుడు మొత్తం 24 గోడలూ నిలబెట్టినా దానికి చాలడం లేదు. ప్రతి ఆటకూ గోడలు మార్చి కట్టడం కొంత పని. కట్టినవారికి దారి తెలిసిపోతుంది కదా అనే వాదం వస్తే, మా ఇంట్లో నేను కట్టి, కళ్లు మూసుకొని, అత్తగారి చేత పెట్టెను రెండు మూడు సార్లు తిప్పించి, ఆ పైన మూత పెట్టిస్తాను. ఇద్దరే ఆడితే గోళీలు అంతగా రాలవు, గోడల సమాచారమూ తక్కువే, సందడీ తక్కువే. ముగ్గురు నలుగురు కూర్చుంటేనే దీనికి అందం.

కొనాలా అంటే, ఇంట్లో ఐదారు నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలు ఇద్దరుండి, వాళ్లు మా వాళ్లలాగే పోట్లాడేవారైతే సందేహించకుండా తీసుకోండి. పాకే పిల్లలున్న ఇంట్లో మాత్రం వద్దే వద్దు, గోళీలు నోట్లో పట్టేంత చిన్నవి. పెద్దవాళ్లే ఆడుకోవడానికైతే నేను డబ్బు పెట్టను. మాకు ఇంకో రెండు చలికాలాలు పనికొస్తుందేమో, చిన్నవాడి జ్ఞాపకశక్తి ఎంత త్వరగా పెరుగుతుందో దాన్నిబట్టి. ఇక్కడి పాత సామాన్ల సంతలో ఇది తరచుగా కనిపిస్తూనే ఉంటుంది. అక్కడ కొనేటట్టయితే నాలుగు గోళీలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోండి, బోర్డు మీద ఒక స్కేలు అడ్డంగా పెట్టి, అది ఊగుతోందేమో చూసి, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టండి.