స్ట్రీమింగా, ఫైల్ సేవ్ చేసుకోడమా? ఒడిశా బోర్డర్‌లో ఉన్న మనకి ఏది మేలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ సైడ్ మన తెలుగిళ్లల్లో పిల్లలు చాలామంది చదివేది ఒడియానో ఇంగ్లీషో, ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు రావు, అంచేత కథైనా పద్యమైనా చెవుల్లోంచే ఎక్కాలి. అందుకే ఆడియో సంగతి నాకు చిన్న విషయంలా అనిపించదు.

వార్తలు, లైవ్ రేడియో అయితే స్ట్రీమింగే, అంటే ఫైల్ దాచుకోకుండా నెట్‌లోంచి నేరుగా వినడమే, ఒకసారి విని వదిలేసేవి దాచుకుని ఏం చేస్తాం. కానీ పిల్లలు విన్న కథే మళ్లీ మళ్లీ పెట్టమంటారు, ముసలాళ్లకి అదే హరికథ రోజూ కావాలి. 128 కేబీపీఎస్ (సెకను సౌండ్‌కి ఎంత డేటా పడుద్దో చెప్పే లెక్క) ఎంపీ3 గంటకి దాదాపు 58 ఎంబీ అవుద్ది, సేవ్ చేస్తే ఆ ఖర్చు ఒక్కసారే, స్ట్రీమింగ్‌లో చాలావరకు విన్నప్పుడల్లా మళ్లీ అంతా పోద్ది. పైగా రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే రైల్లో సొరంగం వచ్చిందంటే సిగ్నల్ పోయి పద్యం మధ్యలో ఆగిపోద్ది.

యాప్‌లోనే డౌన్‌లోడ్ ఉందిగా అంటారు. ఉంది, కానీ పాటల యాప్‌ల్లో అది ఎక్కువగా ఆ యాప్‌లోనే మోగే లాక్ చేసిన ఫైల్. స్పాటిఫైలో పాటలు అలా దింపుకోడానికి ప్రీమియం కట్టాలి, కట్టినా 30 రోజులకోసారైనా నెట్‌కి కలపాలి. మెమరీ కార్డులో వేసి అమ్మమ్మ బటన్ ఫోన్‌లో పెడదామంటే కుదరదు, నా లెక్కలో అసలు తేడా ఇక్కడే. మామూలు ఎంపీ3 అయితే మెమరీ కార్డు పట్టే దాదాపు ఏ ఫోన్‌లోనైనా, పెన్ డ్రైవ్ పెట్టే స్పీకర్‌లోనైనా మోగుద్ది.

అలాంటి ఫైల్ దింపాలంటే, కంప్యూటర్‌లో ఆ సైట్ పేజీలో ఆడియో మోగే ప్లేయర్ మీద రైట్ క్లిక్ కొడితే సేవ్ ఆడియో యాజ్ అని వస్తది, ఫోన్ క్రోమ్‌లో అయితే ప్లేయర్ పక్కన మూడు చుక్కల్లో డౌన్‌లోడ్ చూడండి. అన్ని సైట్లలో రాదు. కొన్ని సైట్లు ఆడియోని చిన్న చిన్న ముక్కలుగా పంపుతాయి, అక్కడ మీకు దిగింది ఎం3యు8 అనే కొన్ని కేబీల ఫైల్ అయితే అందులో సౌండ్ ఉండదు, ముక్కల లిస్టే ఉంటది. ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org అనే ఉచిత లైబ్రరీ సైట్)లో అయితే డౌన్‌లోడ్ ఆప్షన్లు పేజీలోనే కనిపిస్తాయి, 64 కేబీపీఎస్‌ది ఉంటే మాటలకి అదే చాలు, సైజు సగం. అమ్మకానికి పెట్టినవి మాత్రం కొనే వినండి, పాడినోళ్ల కష్టం అది.

దింపాక ఫైల్ పేరు ముందు 01, 02 అని అంకెలు పెట్టండి, కొన్ని బటన్ ఫోన్లలో తెలుగు పేర్లు వట్టి డబ్బాల్లా కనిపిస్తాయి.